తెర వద్దన్నంత మాత్రాన హక్కు పోదు: ఆన్‌లైన్ ఫారాల తనిఖీపై తరచూ అడిగే ప్రశ్నలు

గడువు ముగిసే రోజు సాయంత్రం హిమాయత్‌నగర్‌లో ఏ నెట్ సెంటర్‌కు వెళ్లినా ఒకే రకమైన ఆందోళన కనిపిస్తుంది. అభ్యర్థి ఇంటి నంబరు కొడతారు. ఇక్కడి ఇంటి నంబర్లు చాలావరకు 3-6- అని మొదలై, మరో సంఖ్య, ఏటవాలు గీత, ఒక అక్షరంతో ముగుస్తాయి. గీత పడగానే ఫారం ఎర్రబడి, ప్రత్యేక గుర్తులు చెల్లవంటుంది. నగరపాలక సంస్థ ఇచ్చిన నంబరును ఫారం ఒప్పుకోకపోతే తప్పు ఎవరిది, ఇప్పుడేం చేయాలి అని అడుగుతూ వచ్చేవారి కోసం ఈ జవాబులు. ఫారాలు తయారుచేసే యువ ప్రోగ్రామర్లకూ ఇవి అంతే అవసరం.

ఇది సాధారణ సమాచారం. మీ దరఖాస్తుకు వర్తించే నోటిఫికేషన్‌ను, దాని షరతులను ముందుగా చదవండి. ఆ తర్వాతే ఈ జవాబులను అన్వయించుకోండి.

ఈ వ్యాసంలో వాడిన పదాలు

తెర తనిఖీ: మీ బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్ ద్వారా గానీ, ఫారం గడికి పెట్టిన నిబంధనల ద్వారా గానీ జరిగే పరిశీలన.
సర్వర్ తనిఖీ: వివరాలు ఫారం నిర్వాహకుని కంప్యూటర్‌కు చేరాక జరిగే పరిశీలన.
ఫారం నిర్వాహకుడు: ఫారం ద్వారా వివరాలు తీసుకునే ప్రభుత్వ కార్యాలయం, సంస్థ లేదా వ్యాపారి.
సమర్పణ: నింపిన వివరాలు ఫారం నిర్వాహకుని సర్వర్‌కు చేరడం.
రసీదు: సమర్పణ జరిగిందని సర్వర్ ఇచ్చే దరఖాస్తు సంఖ్య లేదా నమోదు సంఖ్య.

1. తెర తనిఖీ తిరస్కరిస్తే నాకు అర్హత లేనట్టేనా?

కాదు. అర్హతను నిర్ణయించేది చట్టం, నియమాలు, నోటిఫికేషన్. తెర తనిఖీ వాటిని అమలు చేయడానికి రాసిన ప్రోగ్రాం మాత్రమే. ప్రోగ్రాంలో ఉండి నోటిఫికేషన్‌లో లేని షరతు మీ అర్హతను తీసేయలేదు. అయితే ఒక మినహాయింపు ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఫలానా నమూనాలోనే ఇవ్వాలని నోటిఫికేషన్ చెబితే ఆ పద్ధతికి మీరు కట్టుబడాలి. అప్పుడు తెర తనిఖీ అడ్డుపడితే ఊరుకోకుండా, గడువు లోపలే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గడువు దాటాక చేసే ఫిర్యాదుకు బలం చాలా తగ్గుతుంది.

2. తెర తనిఖీ దాటితే దరఖాస్తు ఆమోదించినట్టేనా?

కాదు. తెర తనిఖీ సాధారణంగా ఆకారాన్నే చూస్తుంది. పాన్‌లో 10 స్థానాలుంటాయి: 5 అక్షరాలు, 4 అంకెలు, చివర ఒక అక్షరం. వ్యక్తుల పాన్‌లో నాలుగో అక్షరం ‘పి’. ఆధార్‌లో 12 అంకెలు. చివరి అంకె మిగిలిన 11 అంకెల నుంచి లెక్కకట్టి వచ్చే సరిచూపు అంకె. ఈ పోలికలున్న, అసలు ఎవరికీ కేటాయించని సంఖ్య కూడా తెర తనిఖీని దాటగలదు. సంఖ్య మీదేనా, నిజమైనదేనా అన్నది సర్వర్ తనిఖీలోనో, ధ్రువపత్రాల పరిశీలనలోనో తేలుతుంది. పచ్చ గుర్తు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి.

3. నా పేరును ఫారం ఒప్పుకోవడం లేదు. ఏం రాయాలి?

నోటిఫికేషన్ ఏ పత్రాన్ని ఆధారంగా చెప్పిందో, ఆ పత్రంలో ఉన్నట్టే రాయాలి. చాలా ఉద్యోగ దరఖాస్తుల్లో అది పదో తరగతి మెమో. చివరి పేరు తప్పనిసరి అని గడి అడిగిందని లేని ఇంటి పేరు కల్పించకండి. ధ్రువపత్రాల పరిశీలనలో అదే చిక్కవుతుంది. ఒకే పేరున్నవారు ఏం రాయాలో ఫారం సూచనల్లో ఉందేమో చూడండి. లేకపోతే ఫారం నిర్వాహకుని సహాయ విభాగానికి మెయిల్ పంపి, వారి జవాబును దాచుకోండి.

ఇనిషియల్ తర్వాత చుక్క పెట్టనివ్వకపోతే చుక్క లేకుండా రాయండి. అది మామూలుగా పేరు మార్పుగా పరిగణించదగ్గ తేడా కాదు. ఇనిషియల్‌ను విప్పి పూర్తి ఇంటి పేరు రాయడం మాత్రం వేరు సంగతి. ఆధార పత్రంలో అలా ఉంటేనే రాయండి.

4. తెలుగులో కొడితే పేరు తప్పు అంటోంది. ఇది సాంకేతిక లోపమా?

ఫారం ఆంగ్లంలోనే నింపాలని ముందే చెప్పి ఉంటే లోపం కాదు. తెలుగు గడి అని చెప్పి తిరస్కరిస్తే లోపమే, దాని కారణం కూడా తెలిసినదే. యూనికోడ్‌లో ‘రా’ అంటే ఒక అక్షరం కాదు. ‘ర’ ఒక సంకేతం, దీర్ఘం మరో సంకేతం. అక్షర వర్గాన్ని మాత్రమే అనుమతించే తెర తనిఖీ గుణింతపు గుర్తులను, పొల్లును బయటకు నెడుతుంది.

పొడవు లెక్కలోనూ ఇదే ఇబ్బంది. ‘వెంకటేశ్వర్లు’ మన కంటికి 5 అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో 13. ‘హిమాయత్‌నగర్’ అనే మాటలో త్ తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది తీసేస్తే త కింద నావత్తు చేరి ఊరి పేరే మారిపోతుంది. అందుకే తెలుగు గడిలో అక్షరాలతో పాటు గుణింతపు గుర్తులనూ ఈ గుర్తునూ అనుమతించాలి. గరిష్ఠ పొడవును ఆంగ్ల పేర్ల కొలతతో పెట్టకూడదు.

5. ఇంటి నంబరులో గీతలు పెట్టనివ్వకపోతే?

గీతల బదులు ఖాళీ వదిలి అంకెలను అదే వరుసలో రాయండి. అంకెలన్నీ కలిపేయకండి, 3, 6 కలిసి 36 అయితే చిరునామా మారిపోతుంది. పిన్ కోడ్ తప్పకుండా సరిచూసుకోండి. చిరునామాకు వచ్చే నోటీసుకు జవాబు గడువు ఉండే దరఖాస్తుల్లో, మొబైల్, ఈమెయిల్ గడులను తప్పనిసరి కాకపోయినా నింపడం మంచిది. ఫారాలు తయారుచేసేవారు చిరునామా గడిలో గీత, ఏటవాలు గీత, చుక్క, కామాలను అనుమతించాలి. హైదరాబాద్ చిరునామాకు అవి అలంకారాలు కావు.

6. సమాచార హక్కు దరఖాస్తులో ఫారం కారణం అడగవచ్చా?

అడగకూడదు. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(2) ప్రకారం దరఖాస్తుదారు కారణం చెప్పనక్కరలేదు. సంప్రదించడానికి కావలసినవి తప్ప ఇతర వ్యక్తిగత వివరాలూ ఇవ్వనక్కరలేదు. సెక్షన్ 6(1) ప్రకారం దరఖాస్తు ఆంగ్లంలో, హిందీలో లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఇవ్వవచ్చు. కాబట్టి మనకు తెలుగు చెల్లుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ఫారంలో ప్రశ్న గడి పరిమితి 3000 అక్షరాలు. అందులో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే చోటుంది. తెలుగు దరఖాస్తును పీడీఎఫ్‌గా జతచేయండి. ఆ ఫారం కేంద్ర సంస్థలకే. రాష్ట్ర కార్యాలయాల దరఖాస్తు అందులో వేస్తే తిరిగొస్తుంది, రుసుము తిరిగిరాదు. జవాబు గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. మొదటి అప్పీలుకు 30 రోజులు, రెండో అప్పీలుకు 90 రోజులు. రాష్ట్ర కార్యాలయాలపై రెండో అప్పీలు మోజంజాహీ మార్కెట్ దగ్గరి రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

7. ఆధార్ గడి పక్కన నక్షత్రపు గుర్తు (*) పెట్టి తప్పనిసరి అంటే ఇవ్వాలా?

అడిగేది ఎవరో, దేనికో బట్టి. ప్రభుత్వ సంచిత నిధి నుంచి వచ్చే రాయితీలు, ప్రయోజనాలు, సేవలకు ఆధార్ చట్టం, 2016 సెక్షన్ 7 కింద అడగవచ్చు. ఆధార్ ఇంకా కేటాయించనివారికి ప్రత్యామ్నాయ గుర్తింపుతో ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది. ప్రైవేటు సంస్థలు ఒప్పందం ఆధారంగా ఆధార్ ధ్రువీకరణ కోరడానికి వీలిచ్చిన భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టివేసింది. తర్వాతి సవరణల కింద కొన్ని రంగాల్లో స్వచ్ఛందంగా ఇవ్వవచ్చు.

కాబట్టి ప్రైవేటు ఫారంలో నక్షత్రపు గుర్తు కనిపిస్తే, ఏ చట్టం కింద అడుగుతున్నారో మెయిల్‌లో అడగండి. వేరే గుర్తింపు పత్రం ఇస్తామని అందులోనే రాయండి. ప్రతి ఇవ్వక తప్పకపోతే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

8. ఫారంలో ముందే టిక్ పెట్టిన గడి ఉంటే నేను ఒప్పుకున్నట్టేనా?

ఈ-కామర్స్ సంస్థల వద్ద చేసే కొనుగోళ్ల విషయంలో కాదు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం సమ్మతి మీరు స్పష్టంగా చేసిన చర్య ద్వారానే రావాలి. ముందే టిక్ పెట్టిన గడితో నమోదు చేయకూడదు. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 మోసపు పద్ధతులను నిషేధించాయి. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, వద్దన్నవారు సిగ్గుపడేలా మాటలు పెట్టడం వాటిలో ఉన్నాయి.

ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు, వివాదం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు.

9. సమర్పణకు ముందే నా వివరాలు వారికి చేరతాయా?

చేరే వీలుంది. మీరు ఒక్కో అక్షరం కొడుతుంటేనే జావాస్క్రిప్ట్ దాన్ని సర్వర్‌కు పంపగలదు. బటన్ నొక్కలేదు కదా అనుకోవడం రక్షణ కాదు. నమ్మకం లేని ఫారంలో బ్యాంకు, ఆరోగ్య వివరాలు సగం కూడా కొట్టవద్దు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, అవసరమైన డేటాకే పరిమితమై ఉండాలి. నోటీసును, సమ్మతి అభ్యర్థనను తెలుగులో చదివే వీలు మీకు కల్పించాలి. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిలో పెట్టిన గడువు ప్రకారం సమ్మతి, సవరణ, తొలగింపు హక్కులు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటివరకు కంపెనీల వద్దనున్న పాస్‌వర్డ్, బ్యాంకు, ఆరోగ్య, బయోమెట్రిక్ వివరాలకు ఐటీ చట్టం, 2000 సెక్షన్ 43ఏ, దాని 2011 నియమాలు వర్తిస్తాయి. ప్రభుత్వ కార్యాలయాలకు సెక్షన్ 43ఏ వర్తించదు.

10. రాత్రి 11.58కి బటన్ నొక్కాను. సర్వర్ స్పందించలేదు. గడువులో ఇచ్చినట్టేనా?

సాధారణంగా కాదు. ఐటీ చట్టం సెక్షన్ 13 ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఫారం నిర్వాహకుడు నిర్దేశించిన కంప్యూటర్ వ్యవస్థలోకి రికార్డు ప్రవేశించిన సమయమే అందిన సమయం. మీరు బటన్ నొక్కిన సమయం కాదు. తెరపై విజయవంతం అన్న మాటను జావాస్క్రిప్ట్ సర్వర్‌ను అడగకుండానే చూపగలదు. రసీదు ఉంటేనే సమర్పణ.

సర్వర్ వైఫల్యం నిజమైతే, గడియారం కనిపించేలా తెర చిత్రం తీసి, ఆ క్షణమే సహాయ విభాగానికి మెయిల్ పంపండి. ఫారం నిర్వాహకుడు ప్రభుత్వ సంస్థ అయితే, గడువు పొడిగించమని వినతి ఇచ్చాక అధికరణం 226 కింద హైకోర్టును ఆశ్రయించే వీలుంది. చివరి రెండు నిమిషాల దాకా ఎందుకు ఆగారన్న ప్రశ్నకు అక్కడ మీరు జవాబు చెప్పుకోవాలి.

11. రుసుము కట్ అయింది, రసీదు రాలేదు. మళ్లీ చెల్లించాలా?

ముందు దరఖాస్తు స్థితిని చూడండి. గడువు దగ్గరపడితే మళ్లీ చెల్లించి రసీదు తీసుకోవడమే క్షేమం. మొదటి మొత్తం గురించి: రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20 సర్క్యులర్ ప్రకారం, యూపీఐ ద్వారా వ్యాపారికి చేసిన చెల్లింపులోనూ, కార్డుతో చేసిన ఆన్‌లైన్ చెల్లింపులోనూ ఖాతాలో డబ్బు పోయి అవతల నిర్ధారణ అందకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. నిర్ధారణ అవతలికి చేరిన లావాదేవీకి ఇది వర్తించదు. అప్పుడు వాపసు కోసం ఫారం నిర్వాహకుణ్నే అడగాలి. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

12. పుట్టిన తేదీ తప్పు కొట్టాను. తెర తనిఖీ పట్టలేదు. దరఖాస్తు రద్దవుతుందా?

తెర తనిఖీ పట్టలేదనే వాదన చెల్లదు. 8 కూడా తేదీయే, 18 కూడా తేదీయే. రెంటినీ ఫారం ఒప్పుకుంటుంది. ముందు నోటిఫికేషన్‌లో సవరణ గడువు ఉందేమో చూసి ఆ లోపల సరిచేయండి. నాంపల్లిలోని టీజీపీఎస్సీ దరఖాస్తులకైనా, మరే నియామక సంస్థకైనా ఇదే మొదటి మెట్టు.

ఆ గడువు దాటిపోతే పూర్తిగా దారి మూసుకుపోదు. బిహార్ పోలీసు కానిస్టేబుల్ నియామకంలో ఒక అభ్యర్థి దరఖాస్తు సైబర్ కేఫ్‌లో నింపగా, 1997 డిసెంబరు 18 బదులు డిసెంబరు 8 పడింది. ఎంపిక రద్దయింది. సుప్రీంకోర్టు 2024 జనవరి 2న వశిష్ఠ్ నారాయణ్ కుమార్ కేసులో అది స్వల్పమైన పొరపాటని, అభ్యర్థికి దానివల్ల ఏ లాభమూ రాలేదని చెప్పి ఆయనకు న్యాయం చేసింది. ఈ తీర్పు ప్రతి తప్పుకూ వర్తించదు. వయోపరిమితి, రిజర్వేషన్, మార్కులు మారేలా ఉన్న తప్పును స్వల్పమని వాదించడం కష్టం.

13. నెట్ సెంటర్‌లో నింపించాను. తప్పు వారిది కదా?

ఫారం నిర్వాహకుని దృష్టిలో దరఖాస్తు మీది, డిక్లరేషన్ మీది. నెట్ సెంటర్‌పై మీకు వేరే క్లెయిం ఉండవచ్చు కానీ, అది మీ దరఖాస్తును సరిచేయదు. అందుకని సమర్పణకు ముందు ప్రివ్యూ ప్రింటు తీసుకుని, మెమో పక్కన పెట్టి, గడి గడి మీరే చదవండి. మొబైల్, ఈమెయిల్ మీవే ఇవ్వండి. సెంటర్‌వి ఇస్తే హాల్ టికెట్ కబురు వారికే వెళుతుంది. ఓటీపీ మీ చేత్తో కొట్టండి. పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో దాచమంటే వద్దనండి, లాగౌట్ అయి లేవండి. పరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద నేరం. 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

14. చూపు లేనివారికి ఫారం పనిచేయకపోతే ఏ హక్కు ఉంది?

వికలాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 42 సమాచార సాంకేతికతను అందుబాటులో ఉంచాలంటోంది. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సౌలభ్యం అధికరణం 21లోని జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ (ఖాతాదారు గుర్తింపు నిర్ధారణ) ప్రక్రియపై 20 ఆదేశాలిచ్చింది. కన్ను ఆర్పితేనే మనిషి అని నమ్మే ఫారం, యాసిడ్ దాడి బాధితులకూ చూపు లేనివారికీ తలుపు మూసేసినట్టే. తప్పును ఎర్ర రంగుతో మాత్రమే చూపితే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు; తప్పు సందేశం మాటల్లో ఉండాలి, ఆ గడికి అనుసంధానమై ఉండాలి. ఫిర్యాదు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు చేయవచ్చు.

15. బ్రౌజర్ సాధనాలతో తెర తనిఖీని తీసేసి సమర్పించవచ్చా?

నేర్చుకోవడానికి మీ సొంత ఫారంపై చేయండి. ఇతరుల ఫారంపై చేయమని నేను సలహా ఇవ్వను. అలా పంపిన దరఖాస్తు సర్వర్ తనిఖీలో ఆగవచ్చు. ఆగకపోయినా అక్రమమని రద్దు కావచ్చు. అనుమతి లేకుండా వ్యవస్థలోకి ప్రవేశించడం లేదా డేటాను మార్చడం ఐటీ చట్టం సెక్షన్లు 43, 66 పరిధిలోకి వస్తుంది. లోపం కనిపిస్తే దాన్ని వాడుకోకుండా ఫారం నిర్వాహకునికి, అవసరమైతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయండి.

16. ఫారం తయారుచేసేవారు కనీసం ఏవి పాటించాలి?

ఒకటి, ప్రతి తెర తనిఖీనీ సర్వర్ తనిఖీలో మళ్లీ చేయాలి. తెర తనిఖీని ఎవరైనా తీసేయగలరు. రెండు, జావాస్క్రిప్ట్‌లో సబ్మిట్ పద్ధతిని నేరుగా పిలిస్తే బ్రౌజర్ తనిఖీ జరగకుండానే ఫారం వెళ్లిపోతుంది. రిక్వెస్ట్‌సబ్మిట్ వాడితే తనిఖీ జరుగుతుంది. మూడు, డిజేబుల్ చేసిన గడి విలువ సర్వర్‌కు వెళ్లదు, చదవడానికి మాత్రమే అని పెట్టిన గడి విలువ వెళుతుంది; ముందే నింపిన పుట్టిన తేదీ ఈ తేడా వల్లే మాయం కావచ్చు. నాలుగు, జావాస్క్రిప్ట్ తేదీల్లో నెలల లెక్క సున్నాతో మొదలవుతుంది. వయోపరిమితి లెక్కను హద్దు తేదీలతో పరీక్షించాలి. ఐదు, నోటిఫికేషన్‌లో లేని షరతును ఫారంలో పెట్టకూడదు. ఆరు, తప్పు సందేశం ఏ గడిలో ఏది తప్పో, ఏం రాయాలో తెలుగులోనూ చెప్పాలి. నింపిన మిగతా గడులను తుడిచేయకూడదు.

17. రుజువుగా ఏవి దాచుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి?

తప్పు సందేశపు తెర చిత్రం, తేదీ, సమయం, నోటిఫికేషన్ ప్రతి, పంపిన మెయిల్, బ్యాంకు లావాదేవీ సంఖ్య. కోర్టులో తెర చిత్రం ప్రింటు దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. కాబట్టి చిత్రం తీసిన ఫోన్‌ను దాచుకోండి, అసలు ఫైల్‌ను చెరపకండి.

వస్తువు, సేవ కొనుగోలు అయితే వినియోగదారుల కమిషన్. పరీక్ష నిర్వహించే బోర్డు అభ్యర్థికి సేవలందించే సంస్థ కాదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. పరీక్ష దరఖాస్తు వివాదానికి ముందు ఆ సంస్థకు వినతి, తర్వాత హైకోర్టు.

ఈ జవాబుల సారం ఒక్కటే. తెర వద్దన్నంత మాత్రాన హక్కు పోదు, తెర ఒప్పుకున్నంత మాత్రాన హక్కు రాదు. ఫారాలు రాసే యువతీయువకులను ఒక్కటే కోరుతున్నాను: ఒక పేరును, ఒక ఇంటి నంబరును తప్పు అనే ముందు, అది అవతలి మనిషి పుట్టినప్పటి నుంచి మోస్తున్న పేరని, ఆ ఇంటి గుమ్మం మీద రాసున్న నంబరని గుర్తుంచుకోండి. దరఖాస్తుదారులు గడువుకు కనీసం రెండు రోజుల ముందే నింపండి. రసీదు సంఖ్య కాగితం మీద రాసుకునే వరకు ఆ కుర్చీలోంచి లేవకండి.